డ్రిల్లు మాస్టారు రహీం సాబ్

ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ వున్న రోజున మా పేటల మీద ఓ ప్రత్యేకమైన చూపు పడుతుంది. తెనాలైనా, బాపట్లైనా, రేపల్లైనా ఒకటే వరస. టీకొట్టు దగ్గర "ఏం సాయిబూ, ఇవాళ ఎటేపు?" అని అడుగుతారు. నవ్వుతూనే అడుగుతారు. మేమూ నవ్వేసి వూరుకుంటాం. పక్కనున్న సుబ్బారావునో, యేసుదాసునో ఎవరూ అడగని ప్రశ్న మస్తాన్‌నే ఎందుకు అడుగుతారో ఆ నవ్వులో కొట్టుకుపోతుంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మాకు లేదు. ప్రశ్న అడిగే హక్కు ఎక్కడినుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. అయినా ఆటల పేరు ఎత్తారు గనక ఆటల చరిత్రే మాట్లాడుకుందాం. ఈ దేశం ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారు పతకం రెండేసార్లు గెలిచింది. 1951లో ఢిల్లీలో ఒకసారి, 1962లో జకార్తాలో మరోసారి. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒకే ఒక్కసారి సెమీఫైనల్ దాకా వెళ్ళింది, 1956లో మెల్‌బోర్న్‌లో. ఈ మూడుసార్లూ జట్టును తయారుచేసింది ఒక్క మనిషే. ఆయన హైదరాబాద్ బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

ఈ పేరు మా మూడు వూళ్ళలో ఎంతమంది విన్నారు? మేం చదువుకున్న పాఠ్యపుస్తకాల్లో ఆయన లేడు. వుర్దూ బడుల్లో లేడు, తెలుగు బడుల్లోనూ లేడు. 2024 ఏప్రిల్‌లో రంజాన్ పండక్కి 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ రహీం సాబ్ వేషం వేశాడు. ఆయన చచ్చిపోయిన అరవై ఏళ్ళ తర్వాత, బొంబాయి సినిమా వాళ్ళు చెబితే తప్ప, తెలుగు ముసల్మాన్ల పిల్లలకు ఆయన పేరు తెలియలేదు. మన చరిత్రను మనం ఎంత భద్రంగా దాచుకున్నామో దీన్నిబట్టే తెలుస్తుంది.

కోస్తా ముసల్మాన్లకు హైదరాబాద్‌తో వున్న బంధం గురించి ముందు ఒక మాట చెప్పాలి. మా గుంటూరు సర్కారు ఒకప్పుడు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఏలుబడిలో వుండేది. 1782లో ఆయన పోయాడు. 1788లో గుంటూరు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. అక్కణ్ణుంచి 1956 దాకా మా తాతముత్తాతలు నిజాం రాజ్యంలో లేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆ తర్వాత మద్రాసు, ఆంధ్ర రాష్ట్రాల్లో బతికారు. దూది ఏకారు, మేళం వూదారు, తోలు వ్యాపారం చేశారు, కవులు చేశారు. బుర్రకథ నాజర్, నాదస్వరం షేక్ చినమౌలానా ఈ నేల మీదే పుట్టారు. అయినా సరే, ఎక్కడో రజాకార్ల ప్రస్తావన వస్తే ఇక్కడ మా వంక చూస్తారు. నిజాం మిగిల్చిన పాపం మా వాటాకు వస్తుంది. హైదరాబాద్ మిగిల్చిన గౌరవం మాత్రం మా దాకా రాదు. రహీం సాబ్‌ను మేం గుర్తు చేసుకోవడంలో ఈ లెక్క సరిచేసుకునే ప్రయత్నమూ వుంది.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. వుస్మానియా యూనివర్సిటీలో బి.ఏ. చదివారు. 1918లో పుట్టిన ఆ యూనివర్సిటీ అప్పట్లో చదువంతా వుర్దూలోనే చెప్పేది. దేశభాషలో పైచదువులు చెప్పడం సాధ్యమేనని నిరూపించిన మొదటి చోటది. 1948 తర్వాత ఆ వుర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. వుర్దూ అనగానే గజళ్ళూ, నవాబులూ, బిర్యానీ తప్ప మరేమీ గుర్తురాని పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పాలి. రహీం సాబ్ ఆ వుర్దూ చదువులోంచి వచ్చిన మనిషి. యూనివర్సిటీ జట్టులో బంతి ఆడారు. తర్వాత పంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ వులూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. బడిలో ఆటల బాధ్యత ఆయనదే. మన భాషలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టారు.

డ్రిల్లు మాస్టారంటే మన బడుల్లో, కాలేజీల్లో ఎంత గౌరవముందో మీకు తెలుసు. లెక్కల మాస్టారు సెలవు పెడితే డ్రిల్లు మాస్టారు వచ్చి కూర్చుంటాడు. డ్రిల్లు మాస్టారు సెలవు పెడితే ఎవరికీ తెలియదు. కాలేజీలో పి.డి. గారిని ఎన్నికల గొడవలు ఆపడానికీ, జెండా వందనం రోజున పిల్లల్ని వరసలో నిలబెట్టడానికీ పిలుస్తారు. కానీ ప్రపంచంలో పెద్ద ఆటలు కొన్ని ఇలాంటి మాస్టార్ల చేతుల్లోనే పుట్టాయి. బాస్కెట్‌బాల్‌ను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ అలాంటి మాస్టారే. చలికాలంలో బయట ఆడలేక గదిలో అల్లరి చేస్తున్న కుర్రాళ్ళను అదుపు చేయడానికి గోడకు పళ్ళబుట్టలు వేలాడదీశాడు. తర్వాత కాన్సాస్ యూనివర్సిటీలో కాలేజీ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆ సంప్రదాయమే వై.ఎం.సి.ఎ. ద్వారా మన దాకా వచ్చింది. 1920లో హ్యారీ బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మన కాలేజీల్లో సిమెంటు కోర్టు వేసి, ఇనుప రింగు బిగించి, సాయంత్రం ఈల వూదే మాస్టార్లంతా ఆ వంశంవాళ్ళే. రహీం సాబ్ కూడా ఆ కుటుంబంలోని మనిషే, ఆట వేరైనా.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. పోయేదాకా ఆ పదవిలోనే వున్నారు. ఆయన చేసిన మొదటి పని పిల్లల పోటీలు పెట్టడం. ఆ పోటీలు మామూలువి కావు. ఒక పోటీలో బంతిని తన దగ్గర వుంచుకుని తిప్పుకుంటూ పోవడం నిషేధం. తాకిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వున్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వున్నవాడు కుడికాలితో. మరో పోటీలో పొట్టి పిల్లలకే చోటు. వీటి వెనక వున్న లెక్క తేలిక. ఒక్కడే బంతిని మోసుకుపోతే చూడ్డానికి బాగుంటుంది గానీ జట్టు గెలవదు. ఒక కాలు మాత్రమే తెలిసినవాణ్ణి ఎదుటివాడు తేలిగ్గా కట్టేస్తాడు. పొడుగ్గా, బలంగా వున్నవాళ్ళకే అవకాశం ఇస్తే, వాళ్ళ భుజాల కింద నలిగిపోయే పొట్టివాడి తెలివి ఎప్పటికీ బయటపడదు. తెల్లదొరల పల్టన్ జట్లు ఒంటి బలంతో ఆడుతుంటే, తిండికి అంతంతమాత్రంగా వుండే హైదరాబాద్ బస్తీ పిల్లలు బతికేదారి ఇది. వేగంగా ఇచ్చి పుచ్చుకోవడం, ఖాళీలోకి పరిగెత్తడం. 1943లోనే హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బెంగుళూరులో యాష్ గోల్డ్ కప్పు గెలిచి, డెనిస్ కాంప్టన్ లాంటి ఇంగ్లీషు ఆటగాడున్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించింది.

తర్వాత 1948 వచ్చింది. ఆ సంవత్సరం గురించి మాట్లాడకుండా రహీం సాబ్ గురించి మాట్లాడటం కుదరదు. రజాకార్లు పల్లెల్లో చేసిన దారుణాలు నిజం. వాటిని మేం కప్పిపుచ్చం. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన 'పోలీసు చర్య' తర్వాత సాధారణ ముసల్మాన్ల మీద పడిన దెబ్బ కూడా నిజమే. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగింది. ఇరవయ్యేడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనానికి చూపలేదు. హైదరాబాద్ నగరంలో పాత కొలువులు పోయాయి, జాగీర్లు పోయాయి, వాటి మీద బతికిన చిన్నచిన్న నౌకర్లు వీధిన పడ్డారు. కొందరు కరాచీ వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ మీద ఒక అనుమానం మిగిలింది.

ఆ అనుమానం ఇంకా పచ్చిగా వుండగానే 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ ఏడే డ్యూరాండ్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. డ్యూరాండ్ మళ్ళీ 1954లో, 1957లో, 1961లో గెలిచారు. జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, లాయక్, మొయిన్ వున్నారు. సూసై, పాట్రిక్ వున్నారు. 'పోలీసు చర్య' జరిగిన రెండేళ్ళకే, అదే నగరం పేరుతో, అదే పోలీసు చొక్కాలతో, ఎక్కువమంది ముసల్మాన్లున్న జట్టు దేశమంతా తిరిగి గెలిచింది. ఒక్క వుపన్యాసం ఇవ్వలేదు. ఎవరికీ సంజాయిషీ రాసివ్వలేదు. తమ పని తాము చేసుకుపోయారు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం సాబ్ శిక్షణలో, శైలేన్ మన్నా నాయకత్వంలో ఇండియా ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ గోలు సాహూ మేవాలాల్‌ది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యారు. చలిలో, తడి గడ్డి మీద, మనవాళ్ళలో ఎక్కువమంది వుత్తి కాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి చేశారు. పది గోళ్ళు తిన్న శిక్షకుణ్ణి ఇంటికి పంపేయడమే మన అలవాటు. ఆయన మాత్రం ఆ ఓటమిని పాఠంగా చదువుకున్నారు. హంగరీ జట్టు ముందువరసలోని మనిషిని కాస్త వెనక్కి లాగి ఆడించే తీరును మన ఆటగాళ్ళకు సరిపోయేట్టు మలిచారు.

నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్‌లో అది కనబడింది. డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను ఇండియా 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియావాడు అతనే. సెమీఫైనల్లో అదే యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే. చివరికి 1-4తో ఓడారు. కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3. నాలుగో స్థానం. ఆ తర్వాత అంత దూరం మనం ఎప్పుడూ వెళ్ళలేదు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 సమంగా ఆడిన జట్టు కూడా ఆయనదే. ఆ రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కనే లేదు.

ఆయన పిల్లల్ని ఎలా పట్టుకొచ్చేవారో చెప్పడానికి తులసీదాస్ బలరామ్ కథ చాలు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన పిల్లాడు. రహీం సాబ్ అతని ఆట చూసి ప్రాక్టీసుకు రమ్మన్నారు. రావడానికి డబ్బుల్లేవన్నాడు పిల్లాడు. సైకిలు అద్దెకు తీసుకో, అద్దె నేనిస్తాను అన్నారు మాస్టారు. బలరామ్ ఆ సంగతి ముసలితనం దాకా చెప్పుకున్నాడు. మెల్‌బోర్న్, రోమ్, జకార్తా మూడుచోట్లా ఆడాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు. బడిపంతులి జీతంలోంచి ఒక తమిళ హిందూ పిల్లాడికి సైకిలు అద్దె కట్టిన ముసల్మాను కథ ఇది. దీన్ని మతసామరస్యం ఖాతాలో వేసి చప్పట్లు కొట్టాల్సిన పని లేదు. మాస్టారు చేయాల్సిన పని మాస్టారు చేశారు, అంతే. రోజూ జరిగే ఇలాంటి మామూలు సంగతులే ఈ దేశాన్ని నిలబెట్టాయి. అవి వార్తలు కావు. చరిత్రలోకీ ఎక్కవు.

1962 ఆగస్టులో జకార్తా వెళ్ళేటప్పటికే ఆయన వూపిరితిత్తుల క్యాన్సర్‌తో వున్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. థాయిలాండ్ మీద గెలిచారు గానీ వెనకవరసలో ఆడే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద గెలిచారు. సెమీఫైనల్‌కు జర్నైల్‌ను వెనక్కి కాకుండా ముందుకు పంపారు రహీం సాబ్. కట్టు కట్టిన తలతో అతను గోలు కొట్టాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలుపు.

ఫైనల్ సెప్టెంబరు 4న. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వనందుకు భారత క్రీడాధికారి జి.డి. సోంధీ చేసిన విమర్శలతో జకార్తా భగ్గుమంది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. స్టేడియంలో దాదాపు లక్షమంది మన జట్టును గేలి చేస్తున్నారు. ముసల్మాన్లు ఎక్కువగా వున్న దేశంలో, ఆ గుంపు ముందు, చావుకు దగ్గరైన ఒక హైదరాబాదీ ముసల్మాను తన పిల్లల్ని ఇండియా చొక్కాలతో బరిలోకి దింపాడు. ముందురోజు రాత్రి ఆయన, రేపు నాకు ఆ బంగారాన్ని కానుకగా ఇవ్వండని అడిగారని ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోళ్ళు కొట్టారు. జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ గోలు కాశాడు. కొరియాకు ఒక్క గోలే దక్కింది. 2-1. చునీ గోస్వామి జట్టు నాయకుడు. యూసుఫ్ ఖాన్, బలరామ్, తంగరాజ్ ముగ్గురూ హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల పిల్లలే. ఆ రోజు స్టాండ్లలో మనవైపు కేకలు వేసిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళూ వున్నారని ఆ జట్టువాళ్ళే చెప్పారు. ఎటేపు అని అడిగేవాళ్ళు ఈ సంగతి ఏ గడిలో రాసుకుంటారో మరి.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గానీ మొదలు కాలేదు. 1990లో అది మరో హైదరాబాదీకి, సయ్యద్ నయీముద్దీన్‌కు వచ్చింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు ఆయనే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు వచ్చిన చివరి పతకం అది. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ జట్టులో వున్నాడు. వైమానిక దళంలో పనిచేశాడు, అంతర్జాతీయ రెఫరీ అయ్యాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని 2021 ఆగస్టులో పోయాడు.

ఇంత చెప్పాక ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. రహీం సాబ్ ఫోటో పట్టుకుని "చూడండి, మేమూ దేశభక్తులమే" అని వూరేగడం మాకిష్టం లేదు. అబ్దుల్ కలాం, బిస్మిల్లా ఖాన్, రహీం అంటూ జాబితా చదివితే, ఆ జాబితాలో లేని రిక్షా సాయిబుకు, బీడీలు చుట్టే ఖాతూన్‌కు, మెకానిక్ మస్తాన్‌కు దేశం మీద హక్కు లేదన్న అర్థమొస్తుంది. పతకం తెచ్చినవాడికే పౌరసత్వమైతే ఈ దేశంలో పౌరులెందరు మిగులుతారు? 1992 డిసెంబరు 6 తర్వాత మాకు అలవాటైన జబ్బిది, అడిగినా అడక్కపోయినా రుజువులు చూపించుకోవడం. రహీం సాబ్ ఎవరికీ రుజువు చూపించలేదు. ఆయన్ని సర్టిఫికెట్‌గా వాడుకుంటే ఆయన్నే చిన్నబుచ్చినట్టు.

ఆయన్ని వుస్తాద్‌గా గుర్తుంచుకోవడమే మాకు కావాలి. ఆ పని ఆయన గొప్పలు చెప్పుకోవడంతో అవదు, ఆయన చేసిన పని చేయడంతో అవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల జిల్లా కేంద్రమైంది. రేపల్లె అందులోకి వెళ్ళింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే వుండిపోయింది. కాగితాల మీద గీతలు మారాయి. మా పేటల పిల్లలు మాత్రం పదో తరగతి దాటకుండానే మోటారు షెడ్లలోకి, చికెన్ కొట్లలోకి పోతున్నారు. ఆడపిల్లల్ని మైదానం గేటు దాటనివ్వని పెద్దలు మాలోనే వున్నారు. దానికి బయటివాళ్ళను తిట్టి లాభం లేదు. ఫుట్‌బాల్ గానీ, బాస్కెట్‌బాల్ గానీ, కబడ్డీ గానీ, మా పిల్లల చేతికి బంతి ఇచ్చి సాయంత్రం ఈల వూదే మనిషి కావాలి. బస్సు చార్జీకి డబ్బుల్లేవంటే సైకిలు అద్దె ఇచ్చే మనిషి కావాలి.

మైదానాలకు కొదవ లేదు. మునిసిపాలిటీలు వున్నాయి, కాలేజీలు వున్నాయి, మజీదు కమిటీలకు నాలుగు రూపాయలూ వున్నాయి. వచ్చే ఆగస్టు 17న ఈ మూడు వూళ్ళలోనూ రహీం సాబ్ పేరిట పిల్లల పోటీ పెడదాం. దండలొద్దు, వుపన్యాసాలొద్దు. అన్ని కులాల, అన్ని మతాల పిల్లలూ రావాలి, ఆడపిల్లలూ ఆడాలి. నియమాలు ఆయన పెట్టినవే చాలు. బంతిని దగ్గర వుంచుకోకూడదు, వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. బలహీనమైన కాలితోనే ఆడాలి. పొట్టివాళ్ళకు ముందు చోటు ఇవ్వాలి.